ద్వారం వారి వాయులీనం – మన ఇళ్లలోని పాత రికార్డులు

నవంబరు నెల అనగానే మన పెన్షనర్లకు ముందుగా గుర్తుకు వచ్చేది లైఫ్ సర్టిఫికెట్. మనం బతికే ఉన్నామని ఏడాదికొకసారి రుజువు చూపించుకునే కాలం అది. అదే నవంబరు నెలలో పుట్టి అదే నవంబరు నెలలో కన్నుమూసిన ఒక మహావిద్వాంసుని గురించి ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు రాయమని సంపాదకులు అడిగారు. ఆయనే సంగీత కళానిధి, పద్మశ్రీ ద్వారం వేంకటస్వామి నాయుడు గారు. ఆయన 1893 నవంబరు 8న జన్మించి, 1964 నవంబరు 25న మన హైదరాబాదులోనే పరమపదించారు. అయినా ఆయన బతికే ఉన్నారని చెప్పడానికి ఒక సర్టిఫికెట్ ఉంది. అది ఆయన రికార్డులు. ఆ సర్టిఫికెట్టు కొన్ని మన ఇళ్ల అటకల మీద కూడా ఉండి ఉండవచ్చునన్నదే ఈ వ్యాసానికి కారణం.

నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. ముప్పయి ఏళ్లకు పైగా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను. వినడం తప్ప వాయించడం రాదు. కనుక తెలిసినవారు లోపాలుంటే మన్నించి చదవగలరు.

బాల్యం, విద్య

నాయుడు గారు దీపావళి పండుగనాడు బెంగుళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. చిన్నతనం నుంచి ఆయనకు చూపు సరిగా ఆనేది కాదు. నల్లబల్ల మీద అక్షరాలు కనపడని పిల్లవాడికి బడిలో ఏం గతి ఉంటుందో మనకు తెలుసు. ఆయన బడిచదువు మధ్యలోనే ఆగిపోయింది. అన్నగారు వెంకటకృష్ణయ్య నాయుడు గారు వయొలిన్ వాయించేవారు. ఆయనే తమ్ముడి చేతికి ఫిడేలు ఇచ్చి తొలి గురువయ్యారు. కన్ను చేయలేని పనిని చెవి, చేయి కలిసి చేశాయి.

ఈ రోజుల్లో వైకల్యం ఉన్న పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు, రిజర్వేషన్లు, ఉపకార వేతనాలు ఉన్నాయి. 1900 ప్రాంతంలో అవేవీ లేవు. ఇంట్లో ఒక అన్న ఉండి, ఓపికగా కూర్చోబెట్టి నేర్పకపోతే ఆ పిల్లవాడు ఏమయ్యేవాడో ఊహించుకోవచ్చు. మన ఇళ్లలో మనుమలను చూస్తూ కూర్చునే తాతలకు ఇది గుర్తుంచుకోవలసిన విషయం.

విజయనగరం కొలువు

1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల ప్రారంభమైంది. స్థాపించినవారు పూసపాటి విజయరామ గజపతిరాజు గారు. తమ కొలువులోని ఒక ఉద్యోగి గారి అంధ కుమారునికి చదువు చెప్పించాలన్న ఆలోచనతో మహారాజావారు ఈ కళాశాలకు పూనుకున్నారని ఆ ప్రాంతంలో చెబుతారు. ఒక ఉద్యోగి కష్టం విని ప్రభువు ఒక సంస్థనే పెట్టాడంటే, జీవితమంతా అర్జీలు రాసిన మనవంటి వారికి కొంత ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆ కళాశాలకు మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు. వేంకటస్వామి నాయుడు గారు అక్కడికి విద్యార్థిగా చేరదామని వెళ్లారనీ, ఆయన వాయించింది విన్న దాసుగారు ‘నువ్వు చేరవలసింది విద్యార్థిగా కాదు, అధ్యాపకుడిగా’ అన్న తీరులో నిర్ణయించారనీ పెద్దలు చెప్పుకుంటారు. ఏమైనా అదే 1919లో, తన 26వ ఏట, నాయుడు గారు వయొలిన్ ఆచార్యులుగా నియమితులయ్యారు. పదిహేడేళ్ల సర్వీసు తరువాత 1936లో దాసుగారి స్థానంలో ప్రిన్సిపాలు అయ్యారు. డిగ్రీ కాగితం లేని మనిషికి ఉద్యోగం ఇచ్చి, పదోన్నతి కూడా ఇచ్చిన సంస్థ అది. మన సర్వీసు రూల్సు ప్రకారం అయితే ఆ ఫైలు మొదటి బల్ల దగ్గరే ‘నిర్ణీత విద్యార్హత లేదు’ అన్న నోటుతో తిరిగి వచ్చేది.

ఆ కళాశాల ప్రాంగణం నుంచి వచ్చినవారిలో ఘంటసాల వెంకటేశ్వరరావు గారు, పి. సుశీల గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు ఉన్నారు. ఆ మూడు పేర్లు చాలు ఆ నేల ఎటువంటిదో చెప్పడానికి.

పక్కవాద్యం నుంచి మధ్యస్థానానికి

వయొలిన్ మనది కాదు, యూరపు నుంచి వచ్చింది. సుమారు రెండు వందల ఏళ్ల క్రితం బాలుస్వామి దీక్షితులు, వడివేలు వంటివారు దానిని కర్ణాటక సంగీతానికి అలవాటు చేశారు. పాశ్చాత్యులు నిలబడి గడ్డం కింద పెట్టుకుని వాయిస్తారు. మనవారు కింద కూర్చుని, వాద్యం ఒక కొసను ఛాతీకి ఆనించి, రెండో కొసను కుడికాలి మడమ దగ్గర ఆనించారు. దానివల్ల ఎడమచేయి స్వేచ్ఛగా తీగ పొడవునా జారగలుగుతుంది. గమకం పలకాలంటే ఆ జారుడు తప్పనిసరి. తీగలను కూడా షడ్జమం, పంచమం, మళ్లీ షడ్జమం, పంచమం వరుసలో శ్రుతి చేసుకున్నారు. వాద్యం విదేశీయమైనా గొంతు మాత్రం మనదైంది.

అయితే కచేరీలో వయొలిన్ స్థానం పక్కనే. గాయకుడు ఒక మాట అంటే దానిని అనుసరించాలి, ఆయన ఆగితే ఆ ఖాళీని నింపాలి, ఆయన తప్పితే కప్పిపుచ్చాలి. పేరు ఆయనది. ఈ పరిస్థితి మన గుమాస్తాలకు విడమరచి చెప్పనవసరం లేదు. డ్రాఫ్టు మనది, సంతకం ఆఫీసరుగారిది.

నాయుడు గారు కూడా ఆ కాలపు మేటి గాయకులకు పక్కవాద్యం వాయించినవారే. 1927లో మద్రాసులో కాంగ్రెసు మహాసభతో పాటు అఖిల భారత సంగీత సదస్సు జరిగింది. ఆ సదస్సు ఫలితంగానే మరుసటి ఏడాది మద్రాసు మ్యూజిక్ అకాడమీ మొదలైంది. ఆ సందర్భంలో వాయించిన నాయుడు గారిని మద్రాసు రసికులు గుర్తుపెట్టుకున్నారు. మైసూరు చౌడయ్య గారు, కుంభకోణం రాజమాణిక్యం పిళ్లై గారు, ద్వారం వారు – ఈ ముగ్గురినీ ఆనాటి వయొలిన్ త్రిమూర్తులుగా చెప్పేవారు. చౌడయ్య గారు నాదం పెద్దగా వినిపించాలని ఏడు తీగల వయొలిన్ పట్టుకున్నారు. నాయుడు గారు నాలుగు తీగలతోనే ఉండి, కమానునే మెరుగు పెట్టుకున్నారు.

1938లో వెల్లూరులో ఆయన తొలిసారి పూర్తి వయొలిన్ సోలో కచేరీ చేశారు. పక్కన కూర్చునే వాద్యం మధ్యకు వచ్చి కూర్చుంది. నేడు ఇది చాలా మామూలు విషయం. ఆనాడు కాదు. సాహిత్యం వినపడని సంగీతానికి రెండు మూడు గంటలు ఎవరు కూర్చుంటారన్న అనుమానం సహజంగా ఉండేది. దానికి ఆయన ఇచ్చిన సమాధానం వాదనలో ఉంది. పాట ఎరిగినవారికి ఆ కమాను కింద అక్షరాలు వినిపిస్తాయి. ఎక్కడ పదం విరగాలో అక్కడే కమాను విరుగుతుంది. పాశ్చాత్య వయొలిన్ పద్ధతిలోని కమాను నేర్పును కూడా ఆయన శ్రద్ధగా గ్రహించి, మన రాగానికి లొంగేటట్లు వాడుకున్నారు. ఒకే పొడవైన కమానులో స్వరం సన్నగా మొదలై, నిండి, మళ్లీ సన్నగిల్లడం ఆయన ముద్ర.

మరొక సంగతి కూడా చెప్పుకోవాలి. అప్పటికి మైకు వచ్చింది, రేడియో వచ్చింది. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938లోనే మొదలైంది. గట్టిగా వాయిస్తే తప్ప చివరి వరుసకు వినపడని రోజులు పోయాయి. మెత్తని నాదానికి కూడా సభలో స్థానం దొరికింది. విద్వత్తు ఆయనదే, కాని కాలం కూడా కలిసి వచ్చింది.

గౌరవాలు

మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారు 1941లో సంగీత కళానిధి బిరుదు ఇచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1950లో కళాప్రపూర్ణతో సత్కరించింది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. ప్రపంచ ప్రసిద్ధుడైన వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మద్రాసులో జస్టిస్ పి. వి. రాజమన్నారు గారి ఇంట ద్వారం వారి వాదన విని ముగ్ధుడయ్యాడు. 1952లో నాయుడు గారు ఢిల్లీలో అంధుల సహాయనిధి కోసం కచేరీ చేశారు. చూపు లేక బడి మానిన బాలుడు, దేశ రాజధానిలో చూపు లేనివారి కోసం వాయించాడు. ఆయన బిరుదులన్నింటి కంటె నాకు ఈ ఒక్క కచేరీయే పెద్దదిగా కనిపిస్తుంది.

శత జయంతి సంవత్సరమైన 1993లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. విశాఖపట్నంలోను, చెన్నైలోను ఆయన విగ్రహాలున్నాయి. కుమారుడు ద్వారం భావనారాయణరావు గారు, కుమార్తె ద్వారం మంగతాయారు గారు, ఇంకా ఆ వంశంలోని పలువురు ఆ విద్యను నిలబెట్టారు.

మూడు నిమిషాల కచేరీ

ఇక రికార్డుల సంగతి. మన దేశంలో గ్రామఫోను రికార్డింగు 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలతో ప్రచారంలోకి వచ్చింది. మొదట్లో మైకు లేదు. పెద్ద కొమ్ము ముందు కూర్చుని గట్టిగా పాడాలి, ఆ గాలి ఊపుకే సూది కదిలి గాడి గీయాలి. వయొలిన్ వంటి మెత్తని వాద్యానికి ఆ పద్ధతి అన్యాయం చేసింది. 1925 తరువాత విద్యుత్ మైకుతో రికార్డు చేసే పద్ధతి వచ్చాకనే వయొలిన్ సహజంగా వినిపించసాగింది.

నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ నల్లని పళ్లెం 10 అంగుళాలది. ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. కచేరీలో ముప్పావు గంట సాగే రాగాన్ని ఆ మూడు నిమిషాల్లో చెప్పాలి. ఎర్ర దీపం వెలిగితే మొదలు, ఆరితే ఆపు. దస్త్రం రెండు వందల పేజీలున్నా ఆఫీసరుగారికి ఒక పేజీలో సారాంశం రాసి పెట్టే పని మనలో చాలామంది చేశాం. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నదే అక్కడ పరీక్ష. ద్వారం వారి పాత రికార్డులు విన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలిగించేది అదే. తొందర వినపడదు. మొదటి రెండు మూడు కమానులకే రాగం ఎదురుగా నిలబడుతుంది. మధ్యలో ఒక చిన్న విరామం కూడా ఇస్తారు. మూడే నిమిషాలున్న మనిషి మౌనానికి కూడా వాటా ఇచ్చాడంటే ఎంత నిబ్బరమో చూడండి.

ఆ పళ్లేల తయారీకి ముఖ్యమైన సరుకు లక్క. ప్రపంచానికంతటికీ లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో గ్రామఫోను కంపెనీ కర్మాగారం ఉండేది. తరువాత లాంగ్ ప్లే రికార్డులు, ఆపైన క్యాసెట్లు, ఆపైన సీడీలు వచ్చాయి. ఆకాశవాణి టేపులు మరొక నిధి. మా మేడ్చల్‌లో నా చిన్నతనంలో రేడియో ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పంచాయతీ ఆఫీసు రేడియో ముందు వార్తల కోసం చేరిన పెద్దలు, వార్తల తరువాత వయొలిన్ మొదలైతే లేచిపోయేవారు. ఒకరిద్దరు మాత్రం కూర్చునేవారు. వారి పక్కన కూర్చుని విన్నందువల్లనే నాకు ఈ పిచ్చి అంటుకుంది.

తుక్కు బండి మీద నాదం

శామీర్‌పేటలో స్థిరపడిన మన సంఘ సభ్యులొకరు రెండేళ్ల కిందట పాత ఇల్లు బిల్డరుకు ఇచ్చారు. సామాను సర్దుతుంటే ఆయన మామగారి కాలంనాటి చెక్కపెట్టె బయటపడింది. అందులో నలభైకి పైగా 78 రికార్డులు. వాయించే యంత్రం ఎప్పుడో పోయింది. పిల్లలు తుక్కువాణ్ణి పిలిచారు. కిలోల లెక్కన బేరం కుదిరింది. తుక్కువాడు కూడా ఇనుము కాదు, ప్లాస్టిక్కు కాదు అని పెదవి విరిచాడట. ఆ సాయంత్రం అనుకోకుండా నేను వెళ్లాను. చూస్తే పై నుంచి అయిదోది ద్వారం వారిది. దాని కింద ఇంకొకటి కూడా ఆయనదే, కాని సగానికి పగిలింది.

సికింద్రాబాదులో పాత యంత్రాలు బాగుచేసుకుంటూ కూర్చునే ఒక పెద్దమనిషి ఇంటికి ఆ పగలని రికార్డును గుడ్డలో చుట్టి తీసుకువెళ్లాం. ముందు వాన చప్పుడు వంటి గరగర. తరువాత ఆ గరగర వెనుక నుంచి తంబురా, దాని మీద వయొలిన్. లేబులు మీద అక్షరాలు అరిగిపోయాయి. ఏ రాగమన్న దానిపై మా ఇద్దరికీ వాదన వచ్చింది. అది ఇప్పటికీ తేలలేదు. మా సభ్యులవారు మాత్రం, ‘మా మామగారు రోజూ సాయంత్రం ఇది పెట్టేవారు, మా ఆవిడ పెళ్లికి ముందు నుంచి విన్నదట. ఆమె ఉన్నప్పుడు ఈ పెట్టె తెరిచి ఉంటే బాగుండేది’ అని ఊరుకున్నారు. ఆవిడ పోయి అప్పటికి నాలుగేళ్లు. పగిలిన రెండో పళ్లెంలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ రోజుకొక పాత ఇల్లు పడి అపార్ట్‌మెంటు లేస్తున్నది. ఇటువంటి పెట్టెలు ఎన్ని తుక్కులో కలిశాయో. కనుక సభ్యులకు, వారి పిల్లలకు కొన్ని సూచనలు.

ఒకటి. 78 రికార్డులను పడుకోబెట్టి దొంతర పేర్చవద్దు. పుస్తకాల వలె నిలబెట్టాలి. లక్క రికార్డు కింద పడితే గాజు వలె పగులుతుంది.

రెండు. స్పిరిట్‌తో తుడవకూడదు. లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. మెత్తని పొడిగుడ్డ చాలు. మరీ మురికిగా ఉంటే డిస్టిల్డ్ వాటరు కొద్దిగా వాడి వెంటనే ఆరబెట్టాలి. లేబులు తడపవద్దు.

మూడు. లాంగ్ ప్లే రికార్డు సూదితో 78 రికార్డు వాయించకూడదు. 78 గాడి దాదాపు మూడింతలు వెడల్పు. సూది అడుగున పడి గరగర తప్ప వినిపించదు.

నాలుగు. ఆనాటి రికార్డులన్నీ కచ్చితంగా 78 వేగంతో తీసినవి కావు. వేగం కొద్దిగా మారినా శ్రుతి మారుతుంది. అందుచేత కంప్యూటరులో ఎక్కించేటప్పుడు తెలిసినవారి చేత వేగం సరిచూపించాలి. మార్చకుండా ఉన్న అసలు ప్రతిని కూడా ఒకటి దాచాలి.

అయిదు. క్యాసెట్లను స్పీకర్లు, మోటార్ల దగ్గర పెట్టవద్దు. అయస్కాంతం వాటికి శత్రువు. తేమ తగలకుండా నిలబెట్టి ఉంచి, ఏడాదికొకసారి ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాలి.

ఆరు. ఇది అన్నింటికంటె ముఖ్యం. పేరు రాయండి. ఎవరి వాదన, ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు రికార్డు చేశారు అన్నది పెట్టె మీద రాయాలి. ‘ద్వారం’ అని మాత్రమే రాసి ఉన్న క్యాసెట్టు వేంకటస్వామి నాయుడు గారిది కావచ్చు, భావనారాయణరావు గారిది కావచ్చు, ఆ వంశంలో మరొకరిది కావచ్చు. అందరూ వయొలిన్ విద్వాంసులే. ఊహించి రాయడం కంటె ‘నిర్ధారణ కాలేదు’ అని రాయడం మంచిది. నంబరు లేని ఫైలు రికార్డు రూములో ఉన్నా లేనట్లేనని మనకంటె బాగా ఎవరికి తెలుసు?

చట్టం గురించి కొందరు అడిగారు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం, 1992 సవరణ తరువాత, రికార్డు వెలువడిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు దానిపై హక్కు ఉంటుంది. అంటే 1964 డిసెంబరు లోపల విడుదలైన రికార్డులకు ఆ గడువు 2024 చివరితో తీరిపోయింది. ద్వారం వారు జీవించి ఉండగా విడుదలైన 78లన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. తరువాత కొత్తగా వెలువరించిన క్యాసెట్లు, సీడీల విషయం వేరు. వాటిని కొనుక్కుని వినడమే పద్ధతి.

సంఘానికి ఒక విన్నపం

మన సంఘం కార్యాలయంలో డీఏ బకాయిల రిజిస్టరు ఉంది, వైద్య బిల్లుల రిజిస్టరు ఉంది. మరొక రిజిస్టరు తెరవమని నా మనవి. సభ్యుల ఇళ్లలో ఉన్న పాత రికార్డులు, టేపులు, క్యాసెట్లు అందులో నమోదు కావాలి. వస్తువు ఎవరిది వారి ఇంట్లోనే ఉంటుంది. వివరం మాత్రం ఒకచోట ఉంటుంది. వాయించే యంత్రం ఉన్నవారు లేనివారికి సహకరించాలి. కంప్యూటరు తెలిసిన మనుమలు, మనుమరాళ్లకు ఆ పని అప్పగిస్తే వారికీ నాలుగు రాగాలు చెవిన పడతాయి. వారిలో ఆసక్తి ఉన్నవారికి సికింద్రాబాదులో భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. మేడ్చల్ నుంచి అది అంత దూరం కాదు.

క్రమసంఖ్య, వస్తువు, విద్వాంసుని పేరు, సంవత్సరం, ఎవరి వద్ద ఉన్నది, స్థితి, రిమార్కులు – ఏడు గడులు చాలు. గీతలు గీసిన రిజిస్టరొకటి సిద్ధం చేసి కార్యదర్శిగారికి అందజేశాను. క్రమసంఖ్య 1 ఎదురుగా ద్వారం వేంకటస్వామి నాయుడు గారి 78 రికార్డు రాశాను. స్థితి: మంచిది. రిమార్కుల గడిలో ‘రాగం నిర్ధారణ కాలేదు’ అని ఉంది. ఆ గడిని పూరించగలవారు మన సభ్యులలోనే ఉన్నారని నా నమ్మకం. క్రమసంఖ్య 2 ఖాళీగా ఉంది.

– ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, మేడ్చల్